వెనక చక్రాల దారి

లారీలో ఎడమవైపు సీటులో కూర్చున్న రోజుల్లో నాకు మలుపంటే భయం ఉండేది కాదు. క్లీనరుగా నా పనే అది. కిటికీలోంచి నడుము దాకా బయటికి వంగి, వెనక చక్రం ఎక్కడుందో, కాల్వ గట్టు ఎంత దూరంలో ఉందో చూసి, డోరు మీద అరచేత్తో కొడుతూ మా గురువుగారికి చెప్పేవాణ్ణి. చక్రానికీ రాయికీ మధ్య జానెడు సందుందో బెత్తెడే ఉందో నా కంటికి ఇట్టే తెలిసిపోయేది. అలా కొన్నేళ్ళు తిరిగి, లైసెన్సు తెచ్చుకుని స్టీరింగు ముందు కూర్చున్నప్పుడు, ఆ తెలివంతా నాతోపాటే కుడివైపు సీటులోకి వచ్చేసిందనుకున్నాను. రాలేదు. ఆ సంగతి అర్థమయ్యేలోపు ఒక కాల్వ పలక పగిలింది, ఓనరుగారి టైరు ఒకటి పోయింది, ఒక పెద్దాయన కాలు దెబ్బతింది. నా దగ్గర స్టీరింగు నేర్చుకునే కుర్రాళ్ళకి ఇవన్నీ దాచకుండా చెప్తుంటాను. కొత్తగా హెవీ లైసెన్సు తీసుకున్న పిల్లలు ఇంకా ఎందరో ఉంటారు కదా, వాళ్ళ కోసం ఇక్కడా చెప్తున్నాను.

మనం రోడ్డుకి ఎడమ పక్కన నడుపుతాం, డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు. కుడికి తిరిగేటప్పుడు ఎదుటి వరస దాటుకుని పెద్ద వంపు తీసుకుంటాం, లోపలి చక్రం మన కిటికీలోంచే కనిపిస్తుంది. ఎడమకి తిరిగేటప్పుడు వంపు చిన్నది, లోపలి చక్రం మనకి అవతలి పక్కన, అద్దంలో తప్ప కనపడదు. కొత్త డ్రైవరుని దెబ్బతీసేది చాలావరకు ఆ ఎడమ మలుపే.

మొదటిది మిర్యాలగూడ వైపు జరిగింది. అక్కడ బియ్యం మిల్లులు చాలా ఉన్నాయి. మిల్లులో లోడు ఎత్తుకుని కాకినాడ రేవుకి వెయ్యడం మా పని. పది టైర్ల బండి. ఖాళీ బండితో మిల్లు సందులోకి బాగానే వెళ్ళాను. లోడుతో బయటికి వస్తూ ఎడమకి తిరగాలి. మూల మీద కిరాణా కొట్టు, దాని ముందు మురుగు కాల్వ, కాల్వ మీద పలకలు. నా సీటు కొట్టు గోడ దాటగానే స్టీరింగు కోసేశాను. క్యాబిను చక్కగా తిరిగింది. రోడ్డు ఎదురుగా కనపడింది, ఇక అయిపోయిందనుకుని యాక్సిలరేటరు తొక్కాను. వెనక ఫట్‌మని శబ్దం, బండి ఎడమకి ఒరిగింది. వెనక చక్రాలు పలక ఎక్కాయి, పలక విరిగింది, బయటి టైరు కాల్వ అంచుకి ఒరుసుకుని పక్కన చీలిపోయింది. బియ్యం బస్తాలు సగం దించి, వేరే బండితో లాగించుకుని బయటపడేసరికి చీకటి పడింది.

నేను చేసిన తప్పేమిటో ఆ రాత్రి మా గురువుగారు ఫోనులో ఒక్క ముక్కలో చెప్పారు: "ఒరే అబ్బాయ్, నువ్వు క్యాబిను తిప్పావురా, బండిని తిప్పలేదు."

ఇప్పటి లారీల్లో ఇంజను క్యాబిను కింద ఉంటుంది. డ్రైవరు సీటు ముందు చక్రాల పైనో, ఇంకాస్త ముందుకో ఉంటుంది. మూల మన కిటికీ పక్కకి వచ్చేసరికి ముందు చక్రాలు అప్పుడే అక్కడికి చేరుతుంటాయి. వెనక చక్రాలైతే ఇంకా ఎక్కడో వెనక సందులోనే ఉన్నాయి. అంతకుముందు నేను నడిపింది కారు, జీపు. చట్టం ప్రకారం లారీ లైసెన్సు కావాలంటే 20 ఏళ్ళు నిండాలి, అంతకుముందు కనీసం ఒక ఏడాది చిన్న బండి లైసెన్సు ఉండాలి. ఆ ఏడాదిలో మనం రోడ్డు మర్యాద నేర్చుకుంటాం, నిజమే. దాంతోపాటు మూల రాగానే తిప్పెయ్యడం కూడా చేతులకి అలవాటవుతుంది. కారులో ఆ అలవాటు తప్పు కాదు. లారీలో తప్పు. ఎందుకో లెక్క వేసి చూస్తే నాకే ఆశ్చర్యమేసింది.

పదో తరగతిలో చదువుకున్న పైథాగరస్ లెక్కే. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం ఆరు మీటర్లు అనుకుందాం. ముందు ఇరుసు 10 మీటర్ల వ్యాసార్ధంతో వంపు తిరుగుతోంది. పది పదులు నూరు, అందులోంచి ఆరు ఆర్ల ముప్పై ఆరు తీసేస్తే అరవై నాలుగు, దాని వర్గమూలం ఎనిమిది. అంటే వెనక ఇరుసు తిరిగేది 8 మీటర్ల వంపు. ముందు చక్రాలు వెళ్ళిన దారికి రెండు మీటర్లు లోపలగా, ఆరున్నర అడుగులు పక్కకి జరిగి, వెనక చక్రాలు తమ దారిన తాము పోతాయి. బండి వెడల్పే ఎనిమిది అడుగుల చిల్లర. సందు మలుపు పొట్టిది కాబట్టి ఆ తేడా పూర్తిగా రాకముందే మలుపు అయిపోతుంది, అయినా నాలుగైదు అడుగులు తేలిగ్గా లోపలికి కోస్తుంది. అదే వంపులో, ఇరుసుల మధ్య రెండున్నర మీటర్లున్న కారుకి తేడా అడుగు దాకా వస్తుంది, అంతే. ఆ అడుగు తేడాతో నేర్చుకున్న చేతులతో నేను పది టైర్ల బండి తిప్పాను.

ఇది రోడ్లు వేసే ఇంజినీర్లకి ఎప్పటినుంచో తెలుసు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల్లో, వ్యాసార్ధం 20 మీటర్ల లోపున్న మలుపు దగ్గర రెండు వరసల రోడ్డుని మరో ఒకటిన్నర మీటర్లు వెడల్పు చెయ్యాలని ఉంది. ఆ అదనపు వెడల్పులో పెద్ద భాగం బండ్ల వెనక చక్రాల కోసమే. హైవే మీద మనకి తెలియకుండానే ఆ సాయం అందుతుంది. మిల్లు సందుల్లో, మార్కెట్ వీధుల్లో, ఎడ్లబండ్ల కాలంలో పడ్డ ఊరి దారుల్లో ఆ సాయం ఉండదు. అక్కడ ఆ ఒకటిన్నర మీటర్లూ డ్రైవరే ఎక్కణ్ణించో తెచ్చుకోవాలి.

ఎక్కణ్ణించి తెచ్చుకోవాలన్నదే అసలు చదువు. దాన్ని నేను సగమే నేర్చుకున్నాను. ఆ సగం చదువు ఏమీ తెలియకపోవడం కన్నా ప్రమాదమైంది.

పలక పగిలిన తర్వాత నాకు నేనే ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఎడమకి తిరగాలంటే ముందుగా కుడికి బాగా లాగి, రోడ్డు మధ్య దాకా వెళ్ళి, అక్కణ్ణించి ఎడమకి కోసేవాణ్ణి. వెనక చక్రాలు మూలకి తగలకుండా శుభ్రంగా వచ్చేవి. కొన్నాళ్ళు అది బాగా పనిచేసింది. టైర్లకి గీత కూడా పడలేదు. నాకు పని వచ్చేసిందనుకున్నాను.

గుంటూరు యార్డుకి మిర్చి వచ్చే రోజులవి. పల్నాడులో ఒక ఊరి సెంటరు. ఎడమకి తిరగాలి. ఇండికేటరు వేశాను. ఎప్పటిలాగే కుడికి లాగాను. ఎడమ పక్కన బండికీ రోడ్డు అంచుకీ మధ్య ఒక ఆటో పట్టేంత ఖాళీ వచ్చింది. క్యాబినులో పాటలు పెట్టుకున్నాను. స్టీరింగు ఎడమకి తిప్పుతూ ఎదురుగా వచ్చే బస్సు మీదే కళ్ళు పెట్టాను. క్లీనరు కుర్రాడు డోరు బాదుతూ "అన్నా, ఆపన్నా! ఆపు!" అని అరిచిన అరుపు నా చెవిన పడడానికి ఒక క్షణం ఆలస్యమైంది. బ్రేకు కొట్టాను. దిగి అటు పరుగెత్తాను.

పాల క్యాన్లు కట్టిన మోపెడ్ మీద ఒక పెద్దాయన ఆ ఖాళీలోకి వచ్చాడు. బండి పక్క ఆయన్ని నెట్టింది. మోపెడ్ కింద పడి, ఆయన కాలు దాని కింద ఇరుక్కుంది. పాలన్నీ రోడ్డు పాలయ్యాయి. వెనక చక్రం ఆయనకి ఎంత దూరంలో ఆగిందో ఈ రోజుకీ చెప్పలేను. అటు చూడాలంటే నాకు ధైర్యం చాలలేదు. కొట్లవాళ్ళు వచ్చి లేపారు. కాలి మడమ దగ్గర చర్మం చిట్లింది, ఎముక విరగలేదు. ఆయన్ని ఆటోలో ఎక్కించుకుని ఆసుపత్రికి వెళ్తుంటే, ఆయన నన్ను తిట్టలేదు. నొప్పి మధ్యలో ఒకటే మాట అన్నాడు: "బాబూ, నువ్వు కుడికి పోతన్నావనుకున్నానయ్యా."

అంతకన్నా సరిగ్గా నా తప్పుని ఎవరూ చెప్పలేరు. ఇండికేటరు ఎడమ అంది, బండి కుడికి వెళ్ళింది. వెనకున్నవాడు దేన్ని నమ్మాలి? కళ్ళ ముందు బండి జరుగుతున్న దిక్కునే నమ్ముతాడు. పైగా నేనే దారి ఖాళీ చేసి ఇచ్చాను. రండి అని పిలిచినట్టే కదా అది. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య ఖాళీలో మనుషులు పడిపోకుండా లారీలకి సైడు గార్డులు ఉండాలని నిబంధన ఉంది. వంగిపోయిన గార్డులతో, ఊడిపోతే మళ్ళీ బిగించని గార్డులతో తిరిగే బండ్లు నేను రోజూ చూస్తున్నాను. ఆ రోజు మా బండికి గార్డు సరిగ్గా ఉంది. ఆ పెద్దాయన చక్రం వైపు పడకుండా బయటికి పడ్డాడంటే అది కూడా ఒక కారణమని నా నమ్మకం. ఓనర్లు దాన్ని దండగ ఖర్చు అనుకోకూడదు.

ఆ తర్వాత చాన్నాళ్ళు ఎడమ మలుపు వస్తుందంటే అరచేతులు చెమట పట్టేవి. మా గురువుగారు ఒకసారి నాతో ట్రిప్పుకి వచ్చారు. పక్క సీటులో, నేను ఒకప్పుడు కూర్చున్న చోటే కూర్చున్నారు. ఆయన చెప్పింది వినడానికి చాలా చిన్న విషయం. వెడల్పు తిరగడానికి ముందు తీసుకోకు, తిరిగాక తీసుకో. అంటే ఎడమ అంచుకి దగ్గరగా, మోటారు సైకిలు దూరలేనంత దగ్గరగా వెనక భాగాన్ని ఉంచు. మూల దగ్గర తిప్పకు. ఇంకా ముందుకి పోనీ. మనం చేరాల్సిన రోడ్డు మధ్య భాగం నీ సీటుకి ఎదురుగా వచ్చేదాకా నేరుగానే పోనీ. ఎదురుగా గోడో బడ్డీకొట్టో అద్దంలోకి దూసుకొస్తున్నట్టు ఉంటుంది, భయపడకు. అక్కడ కొయ్యి. ముందు భాగం కొత్త రోడ్డులో అవతలి వరసలోకి వెళ్తుంది. అందుకే ఆ వరసలో ఎవరూ లేనప్పుడే మొదలుపెట్టాలి, వస్తుంటే ఆగాలి. ఎదుటివాడు నీకు కనిపిస్తాడు, నువ్వూ వాడికి కనిపిస్తావు. ఎడమ పక్కన సందులో దూరేవాడు మాత్రం నీకు కనిపించడు. కాబట్టి ఆ పక్క తలుపు ముందే మూసెయ్యి.

చేతులు ఆ పద్ధతికి అలవాటు పడడానికి చాలా కాలం పట్టింది. ఆలస్యంగా తిప్పడం మనసుకి ఎదురు తిరిగే పని. ప్రతిసారీ మూల రాగానే చేతులు తిరిగిపోవాలని చూస్తాయి. ఇప్పటికీ ఒక్కోసారి లోపల ఒకటి, రెండు అనుకుంటూ వాటిని పట్టి ఉంచుతాను. తిప్పడం మొదలుపెట్టాక మాత్రం ముందుకి చూసేది తక్కువ, ఎడమ అద్దం చూసేది ఎక్కువ. బండి నడక వేగంలో, ఫస్టు గేరులోనో సెకండులోనో కదులుతుండాలి. నిలబెట్టి స్టీరింగు తిప్పితే ముందు టైర్లు అరుగుతాయి, స్టీరింగు మీద భారం పడుతుంది. ఇలా చేస్తే పాకే వేగంలో బండి వెనక చక్రం మూల పక్కగా ఎలా వస్తుందో అద్దంలో పూర్తిగా కనిపిస్తుంది. తగిలేలా ఉంటే ఆపడానికి సమయమూ ఉంటుంది.

ఇంకో తప్పు పెట్రోలు బంకులో చేశాను, ఆ సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. స్తంభాన్ని ఎడమ పక్కన ఆనించినంత దగ్గరగా బండి ఆపి, డీజిలు కొట్టించుకుని, కుడికి పూర్తిగా కోసి బయల్దేరాను. ముందు భాగం స్తంభానికి దూరంగా వెళ్ళింది. వెనక ఎడమ మూల వెళ్ళి స్తంభాన్ని గుద్దింది. పొడుగాటి నిచ్చెన భుజాన పెట్టుకుని ఇంట్లో తిరిగేవాడు ముందు కొస చూసుకుంటూ వెనక కొసతో గాజు పగలగొడతాడే, అదే. వెనక చక్రాల తర్వాత బాడీ ఎంత పొడుగుంటే అంత బయటికి ఊగుతుంది. నిబంధనల ప్రకారం ఆ వెనక పొడుగు వీల్‌బేస్‌లో, అంటే ముందు వెనక ఇరుసుల మధ్య దూరంలో, 60 శాతం దాటకూడదు. వెనక చక్రాల తర్వాత మూడు మీటర్ల బాడీ ఉంటే, గట్టి మలుపులో మూల ఒకటిన్నర అడుగు బయటికి వస్తుంది. కాబట్టి దేని పక్కనైనా ఆపితే, ముందు కొంచెం నేరుగా పోనిచ్చి తర్వాతే తిప్పాలి. ఇంతే సంగతి, కానీ దీన్ని నేర్చుకోకుండా బండి ఎక్కేవాళ్ళే ఎక్కువ.

ఘాట్ రోడ్డు విషయం మాత్రం క్లుప్తంగా చెప్పకూడదు. బేతంచర్ల నాపరాళ్ళు ఎత్తుకుని నంద్యాల నుంచి గిద్దలూరు మీదుగా నల్లమల దాటేవాళ్ళం. నాపరాయి లోడు చూడ్డానికి తొట్టిలో సగం కూడా ఉండదు, బరువు మాత్రం నిండుగా ఉంటుంది. మూడు ఇరుసుల లారీ మొత్తం బరువుని 2018లో 25 టన్నుల నుంచి 28.5 టన్నులకి పెంచారు. ఆ బరువంతా వంపులో ఎటు పోవాలనుకుంటుందో డ్రైవరుకి వెన్నుపూసలో తెలియాలి. వెనక జంట ఇరుసులున్న బండి నేరుగా పోవడానికే మొగ్గుతుంది. స్టీరింగు తిప్పినా వెనక ఎనిమిది టైర్లు రోడ్డుని గట్టిగా పట్టుకుని ముందుకి తోస్తాయి. వానలో ముందు టైర్లు జారి, మనం తిప్పిన చోటికి కాక లోయ వైపు వెళ్తాయి.

అక్కడ నేను చేసిన తప్పు గేరు. కొండ ఎక్కుతూ, మలుపులోకి థర్డు గేరులో వెళ్ళాను. మధ్యలో ఇంజను గొంతు పడిపోయింది. గేరు తగ్గిద్దామని క్లచ్చి తొక్కాను. గేరు పడలేదు. బండి ఆగి వెనక్కి దొర్లడం మొదలైంది. వెనక ఒక కారు. హ్యాండ్ బ్రేకు లాగి, క్లీనరు దిగి చక్రం కింద రాయి పెట్టేవరకు నాకు ఊపిరాడలేదు. గేరు మలుపుకి ముందే పడాలి. మలుపులోకి వెళ్ళాక కాలు క్లచ్చి మీదకి పోకూడదు. కొండ దారుల్లో హెయిర్‌పిన్ మలుపుకి లోపలి వ్యాసార్ధం కనీసం 14 మీటర్లు, వేగం గంటకి 20 కిలోమీటర్లని లెక్క పెట్టి కడతారు. ఆ 20 ఎలాంటి బండికైనా సరే. లోడుతో ఉన్న లారీకి అది ఇంకా ఎక్కువే.

దిగేవాడు ఎక్కేవాడికి దారి ఇవ్వాలన్నది చట్టం. ఇరుకు దారిలో ఎక్కే బండి ఆగితే మళ్ళీ కదలడం ఎంత కష్టమో ఆ రోజు నాకు తెలిసింది. అందుకే దిగేటప్పుడు నేను మలుపుకి ముందే ఆగిపోతాను. కింద లైట్లు కనపడితే చాలు, హారన్ కొట్టి, డిప్పర్ వేసి, వాళ్ళు పైకి వచ్చేదాకా పక్కన ఉంటాను. వెనకవాళ్ళు హారన్లు కొడతారు. కొట్టుకోనీ.

ఆ హారన్ల గురించే ఇంకొంచెం చెప్పాలి. ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే, మిల్లు సందులోనూ ఊరి సెంటరులోనూ నా చేత తొందరగా తిప్పించింది వెనకున్నవాళ్ళ హారనే. కొత్త డ్రైవరుకి సిగ్గు ఎక్కువ. ఒక్క పట్టులో తిరక్కపోతే, వెనక్కి తీసి మళ్ళీ తిప్పితే, రోడ్డు మీద అందరూ తనకి బండి రాదనుకుంటారని భయం. దిగి చూడడం నామోషీ. నేను చూసిన మంచి డ్రైవర్లందరూ దిగి చూసేవాళ్ళే. తెలియని సందు అయితే ముందు నడిచి వెళ్ళి, మూల ఎత్తు, పలకల బలం, పైన కరెంటు తీగలు, కొట్ల ముందు పందిళ్ళు అన్నీ చూసి వస్తారు. అవసరమైతే వెనక్కి తీసి, మళ్ళీ తిప్పుతారు. ట్రాఫిక్ ఆగితే ఆగుతుంది. పెద్ద బండి తిరిగే చోట ఆగాల్సింది మిగతావాళ్ళే, ఆ మాట డ్రైవరు మనసులో గట్టిగా ఉండాలి.

2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, పెద్ద లారీల క్యాబిన్లలో ఏసీ తప్పనిసరి చేశారు. మే నెల ఎండలో పిడుగురాళ్ళ సున్నం బట్టీల మధ్య నుంచి బండి నడిపినవాడికి అది ఎంత మేలో చెప్పక్కర్లేదు. ఎప్పుడో రావాల్సింది. కానీ ఏసీ ఉంటే అద్దాలు ఎత్తేసి ఉంటాయి. డోరు మీద పడ్డ అరచేతి చప్పుడు, పక్కనుంచి వచ్చే సైకిలు బెల్లు, "ఆగాగు" అన్న కేక లోపలికి రావు. అందుకని మా కుర్రాళ్ళకి ఒక నియమం పెట్టాను. ఊరి పొలిమేర రాగానే రెండు పక్కలా అద్దాలు దించాలి, పాటలు ఆపాలి.

చప్పుడు చెయ్యడానికి ఆ ఎడమ సీటులో మనిషి ఉంటేనే కదా. కిరాయిలు గిట్టుబాటు కావడం లేదని చాలామంది ఓనర్లు క్లీనర్లని మానేశారు. హైవే మీద గోడౌను నుంచి గోడౌనుకి పోయే బండికి ఒక్క డ్రైవరుతో నడిచిపోతుందేమో. మిల్లు సందులకి, మార్కెట్ యార్డులకి, ఊరి మధ్య కొట్లకి వెళ్ళే బండికి అలా నడవదు. ఎంత పెద్ద అద్దం పెట్టినా ఒక మూల కనపడకుండా మిగిలే ఉంటుంది. ఓనర్లకి నేను అడిగేది రెండే. కొత్త కుర్రాడికి తాళాలిచ్చే ముందు ఖాళీ బండితో కొన్ని రోజులు ఏదైనా మైదానంలో, ఇటుకలు పేర్చి మూలలు చేసి, ఎడమకి తిప్పడం నేర్పించండి. అతను తిప్పుతున్నప్పుడు ఇంకొకరు, అతనికి బదులు ఇంకొకరు తిప్పుతున్నప్పుడు అతను, కింద నిలబడి వెనక చక్రం ఎటు పోతోందో చూడాలి. ఊళ్ళోకి వెళ్ళే లోడుకి మాత్రం ఎడమ సీటు ఖాళీగా పంపకండి. ఒక మనిషి బత్తా ఎంతవుతుందో నాకూ తెలుసు. చీలిన టైరు ఖరీదూ తెలుసు, ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్న రాత్రీ తెలుసు.